పల్లం అటువైపు

మా మామగారు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ తనిఖీ వదల్లేదు. గేటు తీసుకుని ఎవరొచ్చినా, పాలవాడైనా సరే, వాలుకుర్చీలోంచి ఒక చూపు చూస్తారు. ఆ చూపుకి జేబులు తడుముకోని మనిషిని నేనింతవరకూ చూడలేదు. అలాంటి ఇంట్లోకి ఒక మధ్యాహ్నం వాననీళ్ళు ఎవరినీ అడక్కుండా వచ్చేశాయి. చెప్పులు బయట విడిచి రావడం మాట అటుంచి, గుమ్మం దగ్గర మా అత్తగారు విడిచిన చెప్పుల్ని కూడా మోసుకుంటూ వచ్చాయి.

ఇందులో వాన తప్పేమీ లేదు. అది ఎప్పుడూ పడినట్టే పడింది. డాబా మీది నీళ్ళు ఎప్పట్లాగే తూముల్లోంచి వాకిట్లోకి దూకాయి. కాకపోతే అంతకుముందు వాకిట్లో మట్టి ఉండేది, తాగగలిగినంత తాగేది. మట్టి కాళ్ళకి అంటుతోందని కిందటేడు మామగారు వాకిలంతా సిమెంటు చేయించారు. సిమెంటు తాగదు. 

"మట్టే నయమండీ, నోరు మూసుకుని తాగేసేది," అన్నారు అత్తగారు, ముందు గదిలో నీళ్ళు ఎత్తిపోస్తూ.

"ఇప్పుడు మట్టి గురించి ఎవరడిగారు నిన్ను?" అన్నారు మామగారు, మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని. "గొట్టాలు వేయిస్తాను. డాబా మీద పడిన ప్రతి చుక్కా గొట్టంలో ఎక్కి వీధిలో దిగాలి. మధ్యలో ఎక్కడా తిరగడానికి వీల్లేదు."

"అవును నాన్నా," అన్నారు మా ఆయన. ఆయన్ని అందరూ గోడమీద పిల్లి అంటారు గానీ అది పిల్లికి అన్యాయం. పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక పక్కకి దూకుతుంది.

నేనే నోరు ఊరుకోక అడిగాను. "వీధిలోకెందుకు మామగారూ? వాలంతా వెనక గోడవైపే కదా. నీళ్ళన్నీ అటే పోయి నిలుస్తున్నాయి."

అత్తగారు చేతిలో చేట అలాగే పట్టుకుని నా వంక జాలిగా చూశారు.

వెనక గోడకి అవతలిది మామగారి సొంత చెల్లెలి ఇల్లు. నాకు పిన్నిగారి వరస. ఒకప్పుడు రెండూ ఒకటే స్థలం. వాళ్ళ నాన్నగారు పోతూ పోతూ ముందు భాగం కొడుక్కీ, వెనక సందులోకి తెరుచుకునే భాగం కూతురికీ ఇచ్చారు. అన్నాచెల్లెళ్ళు చాలాకాలం బాగానే ఉన్నారు. ఆ తర్వాత ఒక నిచ్చెన వచ్చింది. ఈయన అరువు తెచ్చి తిరిగిచ్చారు. మెట్టు విరగ్గొట్టి ఇచ్చాడని ఆవిడ. విరిగిన మెట్టుతోనే ఇచ్చిందని ఈయన. భూములూ బంగారాల దగ్గర రాని మాటలు ఒక చెక్కముక్క దగ్గర వచ్చాయి. మాట మీద మాట పెరిగి, మధ్యలో గోడ కూడా పెరిగింది. అప్పటినుంచి మామగారి లెక్కలో మా ఇంటికి వెనకవైపు అనేదే లేదు.

కాబట్టి నీళ్ళు ముందుకే పోవాలి. నీరు పల్లమెరుగు అంటారు పెద్దలు. మా ఇంట్లో నీటిక్కూడా పౌరుషం ఉండాలి.

గొట్టాల కొట్టుకి మామగారు నన్ను వెంటబెట్టుకెళ్ళారు, సంచి పట్టుకోడానికి. గొట్టాలు సంచిలో పట్టవని నేను అనలేదు. కొన్ని సంగతులు ఎవరికి వాళ్ళే తెలుసుకుంటే గౌరవంగా ఉంటుంది.

కొట్టాయన మర్యాదగా అడిగాడు, "డాబా ఎంత ఉంటుందండీ?"

"గొట్టం అడిగితే డాబాతో పనేమిటి నీకు?"

"డాబా ఎంత పెద్దదైతే అన్ని నీళ్ళు దిగుతాయి కదండీ. దాన్నిబట్టి లావు చూడాలి." అని మోచేయి దగ్గర నా చెయ్యంత లావున్న గొట్టం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

మామగారు ఆ గొట్టాన్ని చూసిన తీరు నాకు తెలుసు. టికెట్టు పక్కపెట్టెలో మా బావమరిది దగ్గరుందండీ అని చెప్పేవాణ్ణి అలా చూసేవారట. నా వైపు వంగి, కొట్టంతా వినబడేంత గుసగుసగా, "లావుది అంటగడుతున్నాడు," అన్నారు. తర్వాత అతనికి పాఠం చెప్పారు. "మొక్కలకి నీళ్ళు పట్టేటప్పుడు గొట్టం మూతి వేలితో నొక్కితే ఏమవుతుంది? నీళ్ళు జోరందుకుంటాయి. దారి సన్నమైతే జోరు పెరుగుతుంది. అందుకని సన్నవి చూపించు."

"జోరుగా వస్తాయండీ, కానీ కొంచెమే వస్తాయి. మిగతావి వెనకాల ఆగిపోతాయి."

"నీ దగ్గర సన్నవి ఉన్నాయా, లేవా?"

"ఎందుకు లేవండీ. చేతులు కడుక్కున్న నీళ్ళు పోడానికి వేస్తారు వాటిని."

"అవే ఇవ్వు. వాననీళ్ళు చేతులు కడుక్కున్న నీళ్ళకంటే శుభ్రమైనవి."

కొట్టాయన లావుది లోపల పెట్టేసి సన్నవి కట్ట కట్టాడు.

గొట్టాలు వేయడానికి వచ్చిన మేస్త్రికి మా వీధిలో పర్లేదు మేస్త్రి అని పేరు. ఆయన దేనికీ కాదనడు. గొట్టం కొంచెం వంగిందేమో అంటే "పర్లేదండీ" అంటాడు. అతుకులో జిగురు ఆరలేదేమో అంటే అదే మాట. మామగారికి అలాంటి పనివాడు దొరకడం పూర్వజన్మ సుకృతం. కొత్త సిమెంటు పగలగొట్టి, వాకిలి మధ్యనుంచి గేటుదాకా కాలవ తవ్వారు. అత్తగారు ప్రతి దెబ్బకీ తన వీపు మీద పడినట్టు ఉలిక్కిపడ్డారు.

గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగలేక మళ్ళీ అడిగాను. "వీధి మనకంటే ఎత్తు కదా మామగారూ?"

ఎత్తే. నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు వీధిలోంచి రెండు మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టాను. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగుతున్నాం.

"డాబా వీధికంటే ఎత్తా, కాదా?" అని ఎదురడిగారు మామగారు.

"ఎత్తే."

"అక్కణ్ణుంచి దూకిన నీళ్ళు ఆ ఊపుకి వీధి ఎక్కుతాయి. మేస్త్రీ, ఏమంటావు?"

"పర్లేదు సార్."

నిజం చెప్పాలంటే ఆ మాటలో కొంత నిజముంది. మూసిన గొట్టంలో పైనుంచి దిగిన నీళ్ళు ఆ బరువుకి అవతల కాస్త ఎత్తైనా ఎక్కుతాయి. అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో. కానీ ఇంత ఖర్చు పెట్టాక వాకిట్లో పడిన నీళ్ళు మాత్రం ఎందుకు మిగలాలని, వాకిట్లో రెండుచోట్ల గొట్టానికి కన్నాలు పెట్టించి పైన జాలీలు బిగించారు. డాబా మీద ఎక్కిన నీళ్ళు వీధిదాకా ప్రయాణం చేస్తాయా, మధ్యలో తలుపు తెరిచి ఉంటే అక్కడే దిగిపోతాయా అన్నది ఆలోచించలేదు. మధ్య స్టేషన్లో దిగి పారిపోయేవాళ్ళని అంతమందిని పట్టుకున్న మనిషి!

వాన కోసం మామగారు ఎదురుచూసినట్టు పంట వేసినవాళ్ళు కూడా ఎదురుచూసి ఉండరు. ఒక సాయంత్రం మబ్బు పట్టగానే ఎదురింటాయన్ని పిలిచి మరీ గొడుగు కింద నిలబెట్టుకున్నారు. "ఇప్పుడు చూడండి," అన్నారు.

చూశాం. మొదట గొట్టంలో గుడగుడమంది. తర్వాత మొదటి జాలీలోంచి నీళ్ళు మోకాలి ఎత్తున లేచాయి. రెండోది కూడా నేనేం తక్కువా అన్నట్టు లేచింది. సన్నగొట్టం మింగలేక పైన డాబా చెరువైపోయింది. ఈలోపు వీధి నిండింది. మా గొట్టం మూతి వీధిలో నోరు తెరుచుకునే ఉంది కదా, ఊరి నీళ్ళన్నీ అందులో దూరి మా వాకిట్లోకి ప్రయాణం మొదలుపెట్టాయి. వాటితోపాటు బిస్కెట్ కాగితాలు, ఎవరిదో జడకి పెట్టుకునే రబ్బరు, ఒక గోళీ జాలీ కిందికి వచ్చి తలుపు కొట్టాయి.

ఎదురింటాయన చాలాసేపు చూసి, "బాగుందండీ ఫౌంటెన్. లైట్లు కూడా పెట్టిస్తారా?" అని అడిగాడు. ఆయన వెటకారం చేశాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం.

మేస్త్రిని పిలిపిస్తే, వచ్చి, మడమల దాకా నీళ్ళలో నిలబడి, పర్లేదండీ అన్నాడు.

మామగారు ఓడిపోయే రకం కాదు. జాలీల మీద ఇటుకలు పెట్టించారు. మర్నాటి వానకి ఇటుకలు కాసేపు వణికి, పక్కకి తప్పుకుని దారిచ్చాయి. ఇటుకల మీద రాళ్ళు పెట్టించారు. రాళ్ళ మీద ఆయనే ఎక్కి కూర్చుంటారేమోనని అత్తగారు భయపడ్డారు. ఆ నీళ్ళన్నీ ఏమైనట్టు? ఎవరు ఏం చెప్పినా వినకుండా వెనక గోడ దగ్గరికే పోయి నిలబడ్డాయి. గోడ కిందనుంచి ఊటలా ఊరుతూ అవతలి పెరట్లోకి దిగడం మొదలుపెట్టాయి.

పొద్దున్నే నేను బట్టలారేస్తుంటే గోడ మీద పిన్నిగారి తల లేచింది. పిన్నిగారు ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది, మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. మామగారు అక్కడే పళ్ళు తోముకుంటున్నారు. ఆవిడ ఆయన్ని చూడనట్టే నాతో అంది. "అమ్మాయ్, మీ ఇంట్లో ఎవరో నీటి పారుదల ప్రాజెక్టు కడుతున్నట్టున్నారు. నా పెరడు ఆయకట్టు కింద ఉందని ముందే చెబితే నాట్లు వేసుకునేదాన్ని కదా."

మామగారు నురగ ఉమ్మేసి నాతోనే అన్నారు. "అమ్మాయ్, నీళ్ళు కొన్ని గోడలకి ఆగవు. ఆ గోడ ఎవరు కట్టించారో కనుక్కో."

"గోడ కట్టించినవాళ్ళు గోడ కింద గొట్టం పెట్టుకోనివ్వరని ఎవరు చెప్పారో కూడా కనుక్కో. నా ఇల్లు దాటితే పెద్ద మురుగుకాలవే కదా. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అడగనిదే ఇవ్వడం కొందరికి చేతకాదేమో."

"అడగడం కొందరికి అసలే చేతకాదు."

నేను తడిచీర పట్టుకుని ఇటూ అటూ తల తిప్పుతూ నిలబడ్డాను. ఇద్దరికీ మధ్య నా పని ఫోను తీగ పని. తీగకి సొంత అభిప్రాయాలు ఉండకూడదు.

ఆ మాత్రం సందు దొరికింది కదా అని ఇంట్లో రాయబారాలు మొదలయ్యాయి. ముందు మా ఆయన్ని పంపారు. అటు చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళి, మేనత్త పెట్టింది తిని, చొక్కాకి ఊడిన బొత్తాం కుట్టించుకుని వచ్చారు. గొట్టం సంగతేమైందంటే, "అత్త చెప్పింది కూడా నిజమే నాన్నా," అన్నారు. ఏం చెప్పిందంటే గుర్తులేదు. తర్వాత అత్తగారు వెళ్ళారు. వదినా మరదళ్ళు పగలంతా మాట్లాడుకున్నారు. తిరిగొచ్చాక మాకు ఆ సందులో ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందో, ఎవరి మోకాలికి ఆపరేషనో అన్నీ తెలిశాయి, గొట్టం తప్ప. చివరికి నేను వెళ్ళి సూటిగా అడిగితే, పిన్నిగారు మిషను ఆపకుండానే సూటిగా చెప్పింది. "నిక్షేపంగా వేసుకోండి. కానీ ఆ మాట మా అన్నయ్యే వచ్చి అడగాలి."

మామగారు విన్నారు. "మోటారు పెట్టి వీధిలోకి తోడిస్తాను," అన్నారు. 

మోటారు వచ్చేలోపే వాన వచ్చింది. ఈసారి పైన డాబా మీద నిలిచిన నీళ్ళు కప్పులోకి ఇంకి, సరిగ్గా మామగారి గదిలో, సరిగ్గా ఫ్యాను పక్కనుంచి, సరిగ్గా ఆయన దిండు మీద కారాయి. ఇంట్లో ఇంకెవరి దిండు మీదా ఒక్క చుక్క పడలేదు. మంచం జరిపితే అటు కూడా కారింది. ఆయన తడిసిన దుప్పటి భుజాన వేసుకుని ముందు గదిలోకి వచ్చి కూర్చున్నారు. అత్తగారు తువ్వాలు ఇచ్చారు. ఆయన తల తుడుచుకోకుండా దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకునే కూర్చున్నారు. కొన్నాళ్ళుగా ఉన్న దగ్గు ఇంకా ఎక్కువైంది. ఆ పూట ఆయన్ని చూస్తే నాకు నవ్వు రాలేదు.

మర్నాడు వాన వెలిశాక, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మిగిలిన సన్నగొట్టం ముక్క ఒకటి చేతిలో పట్టుకుని, "అమ్మాయ్, రా," అన్నారు. వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, వెనక సందులోకి వచ్చాం. గోడ లేకపోతే పది అంగల దూరం.

పిన్నిగారు తలుపు తీసింది. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. ఆయన క్షమించమంటారేమో, కనీసం బాగున్నావా అంటారేమో అనుకున్నాను. ఆయన గొట్టం ముక్క ముందుకి చాచి, "ఇది సరిపోతుందా?" అన్నారు.

పిన్నిగారు దాన్ని అందుకుని కంటికి ఆనించి, అందులోంచి అన్నగారిని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇందులో నీ ముక్కు తప్ప ఏమీ కనబడట్లేదు అన్నయ్యా. నీళ్ళేం పోతాయి?"

"అదే అడుగుతున్నా."

"అడిగావు కదా. లోపలికి రా." దారి ఇస్తూ, అదే గొంతుతో అంది, "దగ్గు మందు మార్చావట కదా, అది మానేసి పాతదే వాడు. కొత్తది వేసుకున్నప్పటినుంచి పొద్దున్నే ఎక్కువ దగ్గుతున్నావు. గోడవతల వింటూనే ఉన్నా."

మామగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు.

ఇక్కడితో అన్నాచెల్లెళ్ళు ఒకటైపోయి ఇల్లు ప్రశాంతంగా ఉందని చెబితే అబద్ధమవుతుంది. అంతకుముందు మాట్లాడుకోకుండా పోట్లాడుకునేవాళ్ళు, ఆ రోజునుంచి మాట్లాడుకుంటూ పోట్లాడుకున్నారు. ఇద్దరూ కలిసి కొట్టుకెళ్ళారు. కొట్టాయన మామగారిని చూడగానే సన్నవాటి దగ్గరికి నడిచాడు పాపం. పిన్నిగారు మెడలో టేపు తీసి గొట్టం నోరు కొలిచి, "లావుది తియ్యి," అంది. "నేను మొదటిరోజే అదే చెప్పాను," అన్నారు మామగారు. కొట్టాయన నా మొహం చూశాడు. నేను కప్పు వంక చూశాను.

పని మళ్ళీ పర్లేదు మేస్త్రికే ఇచ్చారు. ముందు వాకిట్లోది తవ్విపారేసి, ఈసారి డాబానుంచి వెనక గోడ కిందుగా, పిన్నిగారి పెరట్లోంచి సందులో మురుగుకాలవదాకా. కాలవ అడుగున ఇసక పరిచి గొట్టం పడుకోబెట్టారు. డాబా మీద తూము నోటికి ఆకులు పోకుండా వల బిగించారు. పూడ్చకముందే పిన్నిగారు పైనుంచి బకెట్టుతో నీళ్ళు పోయించి, అవతల ఎంతసేపటికి వస్తాయో, ఏ అతుకు దగ్గర చెమ్మ తేలుతుందో చూసింది. ఒకచోట తేలింది. "పర్లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "నీకు పర్లేదు నాయనా, ఇల్లు మాది," అంది. ఆయన జీవితంలో మొదటిసారి ఒక అతుకు విప్పి మళ్ళీ వేశాడు.

అంతా తెలిసిన పిన్నిగారు కూడా ఒకచోట బోర్లా పడింది. ఆవిడ పెరట్లో ఒక గులాబీ మొక్క ఉంది. దాని వేరు తగలకూడదని గొట్టాన్ని అక్కడ చతురస్రం మూలలా ఠక్కున తిప్పించింది. మామగారు వద్దన్నారు. "రైలుపట్టా ఎక్కడైనా అలా తిరగడం చూశావా? మలుపంటే నిదానంగా వాలాలి. లేకపోతే పెట్టె పట్టా తప్పి పడుతుంది."

"ఇది రైలు కాదు అన్నయ్యా, గొట్టం."

మొదటి వానకే డాబా మీదనుంచి కొట్టుకొచ్చిన పావురాల ఈకలూ, మట్టీ, వల సందులోంచి దూరిన పుల్లలూ ఆ మూలలో బిగుసుకోవడంతో గొట్టం నీళ్ళు కక్కేసింది. గులాబీ మొక్క నీళ్ళలో మునిగింది. మామగారి మొహం ఆ రోజు వెలిగినట్టు వెలగడం నేను మళ్ళీ చూడలేదు. గోడెక్కి నిలబడి, "పెట్టె పడిందా?" అని అడిగారు. అడిగి ఊరుకోలేదు. అన్నం దగ్గర ఒకసారి, టీ దగ్గర ఒకసారి, మా ఆయన ఆఫీసునుంచి ఫోను చేస్తే ఒకసారి. పిన్నిగారు పళ్ళు బిగబట్టి గులాబీని తవ్వి వేరేచోట నాటింది. గొట్టం వంపుగా తిప్పి వేశారు. ఆ మలుపు దగ్గర మూత తీసి శుభ్రం చేసుకోడానికి చిన్న ఇటుకల గూడు కూడా కట్టించారు.

ఆ తర్వాత పడింది అసలు వాన. మా అత్తగారు ముందు గది గుమ్మంలో చేట పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు, అలవాటు కొద్దీ. వాకిట్లోంచి నీళ్ళు రాలేదు. డాబా మీది నీళ్ళు గొట్టంలో దిగి, గోడ కిందుగా దొర్లి, సందులో మురుగుకాలవలోకి ధారగా దూకాయి. ఆవిడ కాసేపు ఎదురుచూసి, కొంచెం చిన్నబుచ్చుకుని, చేట పక్కన పెట్టి పడుకున్నారు.

నేను వెనక్కి వెళ్ళి చూస్తే, పిన్నిగారి పెరట్లో ఒకే గొడుగు కింద అన్నాచెల్లెళ్ళు నిలబడి ఆ ధారనే చూస్తున్నారు. గొడుగు ఆవిడ పట్టుకుంది, అందుకని ఆయన సగం తడుస్తున్నారు.

"ఇన్ని నీళ్ళు ఊరికే మురుగులో కలిసిపోతున్నాయి," అంది పిన్నిగారు. "గొట్టం చివర ఒక తొట్టి కట్టిస్తే మొక్కలకైనా పనికొస్తాయి."

"డాబా నాది. నీళ్ళు నావి. తొట్టి నా వైపు ఉండాలి."

"పల్లం నా వైపు ఉంది అన్నయ్యా."

"ముందు గొడుగు సరిగ్గా పట్టు."

తొట్టి ఎటువైపు కట్టాలన్నది ఇంకా తేలలేదు. రోజూ సాయంత్రం ఆయన చుట్టూ తిరిగి ఆ సందులోకి వెళ్ళి, అదే విషయం మీద పోట్లాడి, టీ తాగి వస్తున్నారు. దగ్గు మాత్రం తగ్గింది. అది పాతమందు మహిమ అని పిన్నిగారు, కాదు నడక మహిమ అని మామగారు.